సంతకం ఉన్న చోటు



ఈ వారం వాక్య ధ్యానం కాదు, మీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాం. మందిరం లెటర్‌హెడ్ మీద మా సంతకంతో వాట్సాప్‌లో లెటర్లు అందుకున్నవాళ్ళు చాలామంది అడుగుతున్నారు: "అయ్యగారూ, మీ దగ్గర ప్రింటరు లేదు గదా, సంతకం ఎట్లా పెట్టారు?" అని. చెన్నైలో, హైదరాబాదులో ఉన్న మన పిల్లలు ఇంకో మాట కూడా అడిగారు. తమ లాప్‌టాప్‌లోనూ లినక్స్ ఉందనీ, ఆఫీసు కాగితాల మీద తామూ అట్లా పెట్టుకోవచ్చా అనీ. పెట్టుకోవచ్చు. ఎట్లాగో చెప్తాం. దానితోపాటు ఆ సంతకాన్ని ఎక్కడ పెట్టకూడదో, ఎవరి చేతికి ఇవ్వకూడదో కూడా చెప్పాలి. అసలు సంగతి అక్కడే ఉంది.

ఇందులో "మేము" అంటే మేమిద్దరమూ. లెటరు రాసేది ఒకరు, తప్పులు పట్టేది ఒకరు. తప్పులు పట్టేది ఎవరో మీకు తెలుసు.

మా లాప్‌టాప్ ఒక సహోదరుడు వాడి వదిలేసినది. అందులో ఉన్న విండోస్ తెరుచుకునేలోపు మేము ఒక కీర్తన పూర్తిగా చదివేసేవాళ్ళం. కొత్తది కొనే స్తోమత లేదు, దొంగ కాపీ వేయించుకోవడం మాకు ఇష్టం లేదు. మన యవనస్థుల్లో ఒకడు సెలవులకు వచ్చినప్పుడు లినక్స్ మింట్ వేసి ఇచ్చాడు. రూపాయి ఖర్చు లేదు, లైసెన్సు గొడవ లేదు. అప్పటినుంచి ఆదివారపు ప్రసంగం నోట్సు, కానుకల లెక్క, మీ లెటర్లు అన్నీ దాంట్లోనే.

అంతకుముందు ఒక లెటరు బయటికి వెళ్ళాలంటే ఎంత పని ఉండేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. లెటరు టైపు చెయ్యాలి, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి, మండల కేంద్రానికి బస్సెక్కాలి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాలి, అక్కడే నిలబడి సంతకం పెట్టాలి, మళ్ళీ అదే కాగితాన్ని స్కాన్ చేయించి ఫోన్‌కి పంపించుకోవాలి. కంప్యూటర్‌లో పుట్టిన కాగితాన్ని బయటికి తీసి, ఒక గీత గీసి, మళ్ళీ కంప్యూటర్‌లోకి తోసేవాళ్ళం. కూలికి పోయే తల్లి తన కొడుకు హాస్టల్ లెటరు కోసం మాతోపాటు బస్సెక్కితే ఆమెకు ఆ రోజు కూలి పోయినట్టే.

ఇక పద్ధతి.

ముందు మంచి సంతకం ఒకటి కావాలి. గీతలు లేని తెల్ల కాగితం తీసుకోండి. సన్నని బాల్‌పెన్ కాదు, కాస్త ముదురుగా పడే జెల్ పెన్ మేలు. ఒక్కసారి పెట్టి సరిపెట్టుకోకండి. ఆరేడు సార్లు పెట్టండి. మొదటి రెండూ ఎవరో చూస్తున్నట్టు బిగుసుకుని వస్తాయి, నాలుగోదో అయిదోదో బ్యాంకులో పెట్టినట్టు సహజంగా వస్తుంది. స్కానరు ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేయండి. లేకపోతే పగటి వెలుతురులో, నీడపట్టున, ఫోన్ నీడ కాగితం మీద పడకుండా పైనుంచి నిటారుగా ఫోటో తీయండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే కాగితం బూడిద రంగులో వస్తుంది, తర్వాత దాన్ని తెల్లగా చెయ్యడం పెద్ద పని. లెటరు మీద సంతకం వెడల్పు 5 సెంటీమీటర్లకు మించదు. 300 డీపీఐ లెక్కన అది 590 చుక్కలు. అంటే పెద్ద ఫోటో అవసరం లేదు, స్పష్టమైన ఫోటో కావాలి.

ఆ బొమ్మను జింప్ అనే ప్రోగ్రాంలో తెరవండి. అదీ ఉచితమే. సంతకం చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించండి. కలర్స్ మెనూలో లెవెల్స్ అని ఉంటుంది. అక్కడ కుడివైపు ఉన్న తెల్ల గుర్తును కాస్త లోపలికి జరిపితే కాగితం మరక పోయి తెల్లబడుతుంది, ఎడమవైపు నల్ల గుర్తును జరిపితే సిరా ముదురుతుంది. ఆ తర్వాత అదే మెనూలో "కలర్ టు ఆల్ఫా" అనేదాన్ని నొక్కి, తెలుపు రంగును ఎంచుకోండి. కాగితం మాయమై సిరా ఒక్కటే మిగులుతుంది. వెనక కనిపించే బూడిద గళ్ళు చూసి కంగారు పడకండి, ఆ చోటు ఖాళీ అని చెప్పడానికి జింప్ చూపించే గుర్తు అది. చివరిగా దాన్ని పీఎన్‌జీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్‌గా చేస్తే ఈ ఖాళీ నిలవదు. సంతకం చుట్టూ తెల్ల డబ్బా వచ్చి, కింద ఉన్న పేరునో రబ్బరు స్టాంపునో మింగేస్తుంది. అట్లాంటి లెటరు చూడగానే అతికించినదని ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇప్పుడు దాన్ని పీడీఎఫ్ మీద పెట్టాలి. చాలామంది లిబ్రే ఆఫీస్ డ్రాతో మొదలుపెడతారు, ఎందుకంటే అది లినక్స్‌తోపాటే వస్తుంది. ఇంగ్లీషు కాగితాలకు ఒక్కోసారి ఫరవాలేదు. తెలుగు కాగితాలకు మాత్రం వద్దంటాం. డ్రా పీడీఎఫ్‌ను తెరిచినప్పుడు దాన్ని అచ్చయిన కాగితంలా చూడదు. ముక్కలు ముక్కలుగా విప్పి, అక్షరాలను మళ్ళీ తన దగ్గరున్న ఫాంట్లతో పేర్చడానికి చూస్తుంది. మన క్రైస్తవ పుస్తకాలూ, కరపత్రాలూ, పాత సర్టిఫికెట్ల నమూనాలూ ఎక్కువగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వాటిని ఇట్లా విప్పితే వత్తులు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట, మధ్యలో ఇంగ్లీషు గుర్తులు. పెండ్లికొడుకు పేరు పలకడానికే రాకుండా పోతుంది. యూనికోడ్‌లో చేసిన వాటికి కూడా వత్తులు పక్కకు జరగడం మేము చూశాం.

దానికి బదులు జర్నల్ ప్లస్ ప్లస్ అని ఒకటుంది. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. అది కింద ఉన్న పేజీని కదిలించదు. గాజు పలకను కాగితం మీద పెట్టి ఆ పలక మీద రాసినట్టు పనిచేస్తుంది. ఫైల్ మెనూలో "యానొటేట్ పీడీఎఫ్" నొక్కి లెటరు తెరవండి. పైన పనిముట్ల వరుసలో బొమ్మ గుర్తు ఉంటుంది, దాన్ని ఎంచుకుని సంతకం రావలసిన చోట నొక్కితే ఏ ఫైలు అని అడుగుతుంది. పీఎన్‌జీ చూపించండి. సంతకం పెద్దగా వస్తే మూల పట్టుకుని లోపలికి లాగండి. పక్క అంచు పట్టుకుని లాగితే సంతకం ఒకవైపే సాగి, మీ చేతిరాతలా ఉండదు. తర్వాత "ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్". ఊరికే సేవ్ నొక్కితే వచ్చేది ఆ ప్రోగ్రాం సొంత ఫైలు, అవతలివాళ్ళ ఫోన్‌లో తెరుచుకోదు. ఎక్స్‌పోర్ట్ చేసినదే పంపాలి. పంపే ముందు ఒకసారి మీ ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

ఇదంతా ఎందుకు, ఏడాదికి ఒక్క కాగితమేగా అనుకునేవాళ్ళకు ఫైర్‌ఫాక్స్ చాలు. పీడీఎఫ్‌ను అందులో తెరిస్తే పైన బొమ్మ చేర్చే బటన్ ఉంటుంది. 2023 నుంచి ఈ సదుపాయం ఇచ్చారు. సంతకం చేర్చి, సరిచేసి, డౌన్‌లోడ్ నొక్కడమే.

పద్ధతి ఇంతే. ఒకసారి బొమ్మ తయారైతే తర్వాత ప్రతి లెటరుకూ రెండు నిమిషాలు.

ఇప్పుడు మా మనసులో ఉన్న బరువు చెప్పాలి. ఆ రెండు నిమిషాల పని మేమే చేయనక్కర లేదు. ఆ పీఎన్‌జీ ఫైలు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు చెయ్యగలరు.

పోయిన ఏడాది ఒక హాస్టల్ నుంచి మాకు ఫోన్ వచ్చింది. ఏ హాస్టలో, ఏ ఊరో చెప్పం. "పాస్టరుగారూ, మీరు ఇచ్చిన లెటరు ఒకటి మా దగ్గరుంది, ఈ అబ్బాయి మీ సంఘంవాడేనా?" అని అడిగారు. పేరు విన్నాం. పక్క ఊరి పిల్లవాడు. మన మందిరానికి రెండు మూడు సార్లు వచ్చినవాడే కాని అతనికి మేము ఏ లెటరూ ఇవ్వలేదు. ఫోటో పంపమంటే పంపారు. లెటర్‌హెడ్ మనదే, సంతకం మాదే. ఆ సంతకం చివర గీత కొంచెం వంగడం కూడా మాదే. అతని బంధువుకు అంతకు నాలుగు నెలల ముందు ఇచ్చిన లెటరులో పేరు మార్చి, తేదీ మార్చారు.

ఆ ఫోన్ పట్టుకుని మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అవును, మాదే అంటే ఆ పిల్లవాడికి సీటు నిలుస్తుంది. అతని తండ్రి లేడు, తల్లి ఇటుక బట్టీలో పని చేస్తుంది, ఆ సీటుకు అతను అన్నివిధాలా అర్హుడే. కాదు అంటే ఆ సాయంత్రమే పెట్టె సర్దుకోవాలి. మేము "ఆ లెటరు మేము ఇచ్చింది కాదు" అన్నాం. తర్వాత "ఆ అబ్బాయిని రేపు సాయంత్రం దాకా పంపించవద్దు, మేము వస్తున్నాం" అని కూడా అన్నాం. మరునాడు అతని తల్లిని, వాళ్ళ ఊరి పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్ళాం. వాళ్ళ పాస్టరుగారు ఆసుపత్రిలో ఉండి పది రోజులు లెటరు ఇవ్వలేకపోయారట, గడువు దాటిపోతుందని పిల్లవాడు అట్లా చేశాడు. ఆయన అక్కడే కూర్చుని, వణుకుతున్న చేతితో, పెన్నుతో సంతకం పెట్టి ఇచ్చారు. వార్డెన్‌గారు పెద్దమనసుతో తీసుకున్నారు. పిల్లవాడు మాత్రం మా ముఖం చూడలేదు. ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతున్నాడు.

ఆ పిల్లవాడు మా ఫైలు దొంగిలించలేదు. దొంగిలించనక్కర లేదు కూడా. పీడీఎఫ్‌లో పెట్టిన బొమ్మ దాంట్లోనే బొమ్మగా ఉండిపోతుంది. మన లినక్స్‌లోనే పీడీఎఫ్ఇమేజెస్ అని చిన్న ప్రోగ్రాం ఉంది, ఏ పీడీఎఫ్‌నైనా దానికి ఇస్తే లోపలి బొమ్మలన్నీ విడివిడి ఫైళ్ళుగా బయట పోస్తుంది. దాని పని అదే, అందులో చెడ్డేమీ లేదు. కాని మీరు ఒకరికి సంతకం బొమ్మతో లెటరు పంపారంటే ఆ సంతకాన్ని కూడా పంపినట్టేనని గుర్తుంచుకోండి. పేజీ మొత్తాన్ని ఒకే ఫోటోగా మార్చి పంపితే విడదీయడం కాస్త కష్టమవుతుంది, అసాధ్యం కాదు.

మన యవనస్థుల కూటంలో ఒక మంచి పిల్లవాడు మంచి ఉద్దేశంతోనే అడిగాడు: "అయ్యగారూ, మీరు సువార్త కూటాలకు వెళ్ళినప్పుడు లెటర్లు ఆగిపోతున్నాయి, ఆ ఫైలు నాకు ఇస్తే నేనే వేసి పంపిస్తా." అతని మీద మాకు అనుమానం లేదు. అయినా ఇవ్వలేదు. అహాబు ముద్ర ఎవరి చేతిలో పడిందో, దానితో ఏమైందో రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో మీరంతా చదివారు. యెజెబెలు తాకీదులు రాసింది అహాబు పేరుతో, వేసింది అహాబు ముద్ర. ఊరి పెద్దలకు అది రాజుగారి మాటే. నాబోతు ప్రాణం పోయింది, ద్రాక్షతోట పోయింది. ముద్ర నిజమైనదే, మాట మాత్రం రాజుది కాదు. ఆ పిల్లవాడు యెజెబెలు అని కాదు మా మాట. ఆ ఫైలు అతని ఫోన్‌లో ఉంటే, రేపు అతని ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో అతనికీ తెలియదు.

పౌలుగారి పత్రికల్లో ఈ జాగ్రత్త ఎంత ఉందో మేము ఈ పనిలో పడ్డాకే గమనించాం. రోమా పత్రికను చేతితో రాసింది తెర్తియు, ఆయనే చివరలో వందనం చెప్పుకున్నాడు. మరి ఇది పౌలు మాటే అని సంఘాలకు ఎట్లా తెలియాలి? థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో, తమ దగ్గరనుంచి వచ్చినట్టు చెప్పే పత్రికలను చూసి కలవరపడవద్దని ముందు హెచ్చరించి, చివర తన చేతివ్రాతే ప్రతి పత్రికకూ గురుతు అన్నాడు. గలతీయులకు పెద్ద అక్షరాలతో తన చేతితోనే రాశాడు. ఫిలేమోనుకు రాసినప్పుడైతే ఒనేసిము వల్ల వచ్చిన నష్టం తానే తీరుస్తానని స్వహస్తంతో రాసి ఇచ్చాడు, అది అప్పు పత్రంలాంటిదే. రాయడానికి మనిషిని పెట్టుకున్నాడు కాని గురుతు వేయడానికి పెట్టుకోలేదు.

మన సంఘంలో ఒక అవ్వ ఉంది. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు నడిచినప్పుడు లాంతరు వెలుగులో సంతకం నేర్చుకున్న మనిషి. ఆ బళ్ళలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే తర్వాత సారా దుకాణాల ముందు కూర్చుని వాటిని మూయించారు. మన అవ్వ కూడా కూర్చుంది. ఇప్పటికీ ఎక్కడైనా వేలిముద్ర అంటే ఆమెకు కోపం వస్తుంది, పెన్ను అడిగి తీసుకుంటుంది, అయిదు అక్షరాలు రాయడానికి నిమిషం పడుతుంది, వెనక లైను ఆగుతుంది. ఒకరోజు మేము లాప్‌టాప్‌లో సంతకం పెడుతుంటే పక్కన కూర్చుని చూసింది. "నువ్వు పెన్ను పట్టుకోకనే వచ్చేసిందే!" అంది. ఎట్లాగో వివరించాం. కాసేపు ఆలోచించి, "నా చెయ్యి ఆడ లేకుండా నా సంతకం ఎట్టొస్తాదయ్యా, నాకొద్దు" అంది. మేము ఆమెకు జవాబు చెప్పలేదు.

అందుకని ఇప్పుడు మేము ఏమి చేస్తున్నామంటే, ఆ ఫైలు లాప్‌టాప్‌లో ఉంచడం లేదు. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌ను మింట్‌లోని డిస్క్స్ అనే ప్రోగ్రాంతో ఎల్‌యూకేఎస్ తాళం వేసి ఫార్మాట్ చేశాం. గుచ్చగానే పాస్‌వర్డ్ అడుగుతుంది, అది చెప్పకపోతే తెరుచుకోదు. సంతకం పెట్టేటప్పుడు తీస్తాం, అయిపోగానే బీరువాలో పెడతాం. ప్రతి లెటరులోనూ ఎవరి కోసం, ఏ పని కోసం, ఏ తేదీన అన్నది మొదటి వాక్యంలోనే రాస్తున్నాం. సంతకాన్ని ఖాళీ చోట కాకుండా తేదీని, వరుస నంబరును కొంచెం తాకేటట్టు వేస్తున్నాం. ఆ నంబరుతో ఒక నకలు మందిరం రిజిస్టరులో అంటిస్తున్నాం. యిర్మీయా అనాతోతులో పొలం కొన్నప్పుడు క్రయపత్రాన్ని ముద్రవేసినది ఒకటి, తెరిచినది ఒకటి అని రెండింటినీ మట్టికుండలో పెట్టించాడు గదా, మాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మేము చూసి చెప్పేది ఆ రిజిస్టరునే, సంతకాన్ని కాదు.

చట్టం మాట కూడా కాస్త. సంతకం బొమ్మ వేరు, డిజిటల్ సంతకం వేరు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం గుర్తించేది రెండోదాన్ని. అది కంటికి కనిపించే గీత కాదు. ఫైలులోని ప్రతి అక్షరం నుంచి లెక్క కట్టి, సంతకందారుడి రహస్య తాళంతో ముడివేసిన అంకె. తర్వాత ఒక్క అక్షరం మార్చినా ఆ ముడి తెగినట్టు కనిపిస్తుంది. మీసేవ సర్టిఫికెట్ల మీద, డౌన్‌లోడ్ చేసుకున్న ఆధార్ మీద ఉండేది అదే. అట్లాంటి కాగితం మీద మళ్ళీ మీ సంతకం బొమ్మ అతికించి కొత్త పీడీఎఫ్ చేశారంటే లోపలి డిజిటల్ సంతకం చెల్లకుండా పోతుంది, కాబట్టి వాటి జోలికి పోవద్దు. లినక్స్‌లో ఓకులర్ అనే ప్రోగ్రాం డిజిటల్ సంతకాలు సరైనవో కాదో చూపిస్తుంది. చదువుకున్న మన పిల్లలు అది ఒకసారి తెరిచి చూడండి. వీలునామాకు మాత్రం ఈ బొమ్మా పనికిరాదు, ఆ చట్టం కిందికీ రాదు. పెన్నుతో పెట్టవలసిందే, ఇద్దరు సాక్షులు ఉండవలసిందే. పెండ్లి రిజిస్టరు కూడా అంతే. వధూవరులు, సాక్షులు, మేము అందరం ఒక బల్ల దగ్గర నిలబడి సిరాతో పెడతాం. ఆ పుస్తకం దగ్గరికి లాప్‌టాప్ రాదు.

కాబట్టి మా సంతకం బొమ్మతో ఇచ్చేవి ఇవి: సంఘ సభ్యుడని తెలిపే లెటరు, హాస్టల్‌కు, కాలేజీకి పరిచయ లెటరు, కూటాల ఆహ్వానం. బాప్తిస్మపు సర్టిఫికెట్టు, పెండ్లి కాగితాలు, స్థలానికి డబ్బుకు సంబంధించినవి ఏవైనా మందిరానికి వచ్చి తీసుకోవాలి, లేదా మేమే పోస్టులో పంపుతాం.

లెటరు కావలసినవాళ్ళు పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే రాసి, ఏ పనికో, ఎవరికి ఇవ్వాలో వాట్సాప్‌లో పంపండి. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పెన్‌డ్రైవ్ బయటికి తీస్తాం. ఆ సాయంత్రానికి అందుతుంది. మరీ అత్యవసరమైతే ఫోన్ చేయండి, మేము ఊళ్ళో లేకపోతే ఆ హాస్టల్‌వాళ్ళతోనో కాలేజీవాళ్ళతోనో మేమే మాట్లాడతాం. వాళ్ళు ఒకటి రెండు రోజులు ఆగుతారు, అడిగితే.